పాట కలిపే పని ఆడపిల్లలది కాదా?

ఒక పాట నచ్చితే ఎవరు పాడారని అడుగుతాం. ఎవరు రాశారని అడిగేవాళ్లూ ఉన్నారు. సంగీతం ఎవరిదన్నది సరేసరి, క్యాసెట్ల కాలం నుంచీ అట్ట మీద పెద్దక్షరాల్లో వేసేదే. కానీ ఆ పాటని ఎవరు కలిపారని మన ఇళ్లలో ఎవరైనా అడగ్గా విన్నారా? గాయని గొంతు ఒకచోట, డ్రమ్స్ ఒకచోట, వేణువు మరొకచోట, కంప్యూటర్లో పుట్టించిన రకరకాల చప్పుళ్లు ఇంకొకచోట... ఇలా అన్నీ విడివిడిగా రికార్డయి ఉంటాయి. ఈనాటి పాప్ పాటలో ఇటువంటి ముక్కలు యాభై, అరవై ఉండటం మామూలే. ఒక్కోసారి వంద దాటినా ఆశ్చర్యం లేదు. వాటన్నిటినీ పేర్చి, ఏది ముందుండాలి, ఏది వెనక్కి తగ్గాలి, ఏది ఎడమ చెవికి, ఏది కుడి చెవికి, ఏ మాట దగ్గర ఏ వాయిద్యం నోరు మూసుకోవాలి అని తేల్చే మనిషి ఒకరుంటారు. ఆ పనినే మిక్సింగ్ అంటారు.

ఆ పని బాగా జరిగితే జరిగినట్టే మనకు తెలీదు. సరిగ్గా జరక్కపోతేనే తెలుస్తుంది. "ఈ కాలం పాటల్లో మాటలు వినపడి చావవు, అంతా హోరే" అని మా అత్తగారు విసుక్కుంటూ ఉంటారు. ఆ విసుగు కాస్తా పాట రాసినాయన మీదకీ, పాడినమ్మాయి మీదకీ పోతుంది. సగం సార్లు అది పోవలసింది మిక్సింగ్ చేసినాయన మీదకి!

'ఆయన' అని ఊరికే అనలేదు. 2018 జనవరిలో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక అధ్యయనం బయటపెట్టారు. అక్కడ బాగా ఆడిన పాటల్లోంచి 300 తీసుకుని, వాటి ప్రొడ్యూసర్లెవరో లెక్క చూశారు. ప్రొడ్యూసరంటే డబ్బు పెట్టేవాడు కాదు, పాట ఎలా వినిపించాలో తేల్చే పెద్ద. ఆ పెద్దల్లో స్త్రీలు నూటికి ఇద్దరు. అదీ పాడే అమ్మాయిల బొమ్మలు ఊరూరా గోడల మీద వెలిసే దేశంలో! పాడటానికి ఆడవాళ్లు కావాలి, ఆ గొంతు ఎంత వినపడాలో తేల్చడానికి మాత్రం అక్కర్లేదన్నమాట.

దీనికి ఇన్నాళ్లూ చెప్పుకున్న కారణం ఒకటుంది. ఆ గదులు. మిక్సింగ్ జరిగే స్టూడియో అంటే తలుపులు మూసిన చల్లటి గది, మధ్యలో పెళ్లిపందిట్లో భోజనాల బల్లంత పొడవున్న కన్సోల్, దాని ముందు అర్ధరాత్రి దాటినా కదలని మగవాళ్లు. ఆ కన్సోల్ వెల లక్షల డాలర్లు. అంత ఖరీదైన బల్ల మీద చెయ్యి వెయ్యనివ్వాలంటే ముందు ఏళ్ల తరబడి కేబుళ్లు చుట్టాలి, టీలు అందించాలి, రాత్రుళ్లు అక్కడే పడుండాలి. ఆడపిల్లని అలా వదిలే తల్లిదండ్రులు ఎందరుంటారు? వదిలినా ఆ గదిలో వాళ్లు రానిస్తారా?

ఆ బల్ల గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఇవాళ కథ మారింది దాని వల్లే. 1969లో ఇంగ్లండులో కోలిన్ శాండర్స్ అనే ఆయన సాలిడ్ స్టేట్ లాజిక్ అనే సంస్థ పెట్టాడు. మొదట వాళ్లు చేసింది చర్చిల్లో వాయించే పెద్ద పెద్ద ఆర్గన్లకు స్విచ్చింగ్ సామగ్రి. తరవాత రికార్డింగ్ కన్సోళ్లలోకి వచ్చారు. 1979లో వచ్చిన వాళ్ల 4000 ఇ మోడల్ పాప్ సంగీతాన్నంతా ఆక్రమించేసింది. ఎనభైలు, తొంభైల్లో మనం విన్న ఇంగ్లీషు పాటలు ఎన్నెన్నో ఆ బల్ల మీద కలిపినవే.

దాని ప్రత్యేకత ఏమిటంటే - ప్రతి ముక్కకీ నిలువుగా ఒక పట్టీ ఉంటుంది. దీన్ని ఛానల్ స్ట్రిప్ అంటారు. ఒక పట్టీ గాయనికి, ఒకటి వేణువుకి, ఒకటి పెద్ద డ్రమ్ముకి... ఇలా నలభయ్యో, యాభయ్యో పక్కపక్కన. ప్రతి పట్టీలోనూ అవే నాబ్‌లు, అదే వరసలో. అడుగునా పైనా అక్కర్లేని ధ్వనిని కోసేసే ఫిల్టర్లు. ధ్వనిలోని బరువునీ పదునునీ విడివిడిగా పెంచి తగ్గించే నాలుగు భాగాల ఈక్వలైజర్. గొంతు పెరిగినప్పుడు పట్టి ఉంచే కంప్రెసర్ (ఫ్రిజ్‌లో ఉండేది కాదు సుమా). పని లేనప్పుడు తలుపు మూసేసే గేటు. ఆఖర్న శబ్దాన్ని ఎక్కించి దించే ఫేడర్. అంతకుముందు చాలా కన్సోళ్లలో కంప్రెసర్లూ గేట్లూ వేరే డబ్బాల్లో ఉండేవి. ఉన్న నాలుగింటిని ఏ వాయిద్యానికి వాడుకోవాలా అని వంతులేసుకోవాల్సి వచ్చేది. ఇక్కడ ప్రతి పట్టీకీ సొంతంగా ఒకటి దక్కింది.

ఇప్పుడా పట్టీయే కంప్యూటర్‌లోకి వచ్చేసింది. ప్లగిన్ అంటే పెద్ద విషయమేమీ కాదు, కుట్టుమిషనుకి జిగ్‌జాగ్ పాదం బిగించుకున్నట్టే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్. 2006లో వేవ్స్ అనే ఇజ్రాయెల్ సంస్థ ఈ 4000 కన్సోల్ పట్టీని ప్లగిన్‌గా తెచ్చింది. తరవాత చాలామంది తెచ్చారు. అసలు కన్సోల్ చేసినవాళ్లే స్వయంగా అమ్ముతున్నారు. తెర మీద అవే నాబ్‌లు, అవే రంగులు, అదే వరస. ఒకనాడు లక్షల డాలర్లు పోసి, క్రేనుతో గదిలోకి దించుకున్న బల్ల, ఇవాళ మామూలు ల్యాప్‌టాప్‌లో ఓ పట్టుచీర ఖరీదులో కూర్చుంటోంది. పండగ తగ్గింపుల్లో అయితే నేతచీర ఖరీదే.

ఇక ఆ గదుల సాకు చెల్లుతుందా? చెల్లదనే నా వాదన.

ఈ మాట గాల్లోంచి తెచ్చి చెప్పడం లేదు. మా అక్క కూతురు రాజమండ్రిలో మేడ మీది గదిలో కూచుని ఈ పనే చేస్తోంది. బి.టెక్. అయింది. ఒక ల్యాప్‌టాపు, ఒక జత హెడ్‌ఫోన్లు, రెండు స్పీకర్లు. గది గోడలకి మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు వేలాడదీసింది. మూలల్లో పాత దూది పరుపులు చుట్టి నిలబెట్టింది. చూడ్డానికి సామాన్ల గదిలా ఉంటుంది గాని, బోసి గోడలైతే శబ్దం తిరగగొట్టి చెవిని మోసం చేస్తుందట. బొంతలు పదును శబ్దాల్ని పీల్చేస్తాయి, పరుపులు బరువు శబ్దాల్ని కొంతైనా ఆపుతాయి. పది రూపాయలు ఖర్చు కాలేదు.

ఆ అమ్మాయి పని చేస్తుంటే పక్కన కూచుని చూశాను. పెళ్లి మీద కుర్రాళ్లు చేసిన సరదా పాప్ పాట అది. ముప్ఫై ఎనిమిది ముక్కలు. మొదట ఏ ప్లగిన్నీ ముట్టుకోలేదు. ఫేడర్లు మాత్రం అటూ ఇటూ కదిపి, గొంతు చుట్టూ మిగతావన్నీ సర్దింది. "ఇక్కడే పాట సగం కుదరాలి పిన్నీ. కుదరకపోతే తరవాత ఎన్ని నాబ్‌లు తిప్పినా దండగే" అంది. తరవాత ముప్ఫై ఎనిమిదింటికీ ఒకే రకం ఛానల్ స్ట్రిప్ తగిలించింది. అన్నిటికీ ఒకటేనా అంటే, అసలు కన్సోల్ మీద అంతే కదా అంది. నెట్‌లో వేలకొద్దీ ప్లగిన్లు దొరుకుతాయి. చీరల కొట్లో వంద చీరలు పరిపించుకున్నట్టు ఒక్కొక్కటీ వేసి చూస్తూ కూచుంటే తెల్లారుతుంది, పాట అలాగే ఉంటుంది. పట్టీ ఒకటే అయితే ఆలోచన పరికరం మీద కాక పాట మీద ఉంటుందన్నది ఆమె లెక్క.

ఈ లెక్కకి పాత సాక్ష్యం ఉంది. రూపర్ట్ నీవ్ అనే ఇంగ్లండు ఇంజనీరు (2021లో, 94 ఏళ్ల వయసులో పోయారు) 1970లో తెచ్చిన 1073 అనే పరికరాన్ని ఇప్పటికీ దేవుడిగదిలో పెట్టుకున్నంత గౌరవంగా చూస్తారు. దాని ఈక్వలైజర్‌లో మధ్య భాగానికి ఉన్నవి ఆరే ఆరు స్థానాలు. పై భాగం 12 కిలోహెర్ట్జ్ దగ్గర స్థిరం, మార్చడానికి వీల్లేదు. ఇవాళ కంప్యూటర్ ఈక్వలైజర్లలో లెక్కలేనన్ని స్థానాలు. అయినా ఆ ఆరు స్థానాల బొమ్మని ప్లగిన్‌గా కొనుక్కుని మరీ వాడుతున్నారంటే, మనిషికి ఎంపిక ఎంత ఉండాలో అంతే ఉంటే చాలనే కదా! నా చీరల బీరువా ముందు నిలబడ్డప్పుడల్లా నాకూ అదే అనిపిస్తుంది.

గాయని గొంతు దగ్గరికొచ్చేసరికి ఆ అమ్మాయి చాలాసేపు ఆగింది. ముందు ఫిల్టర్‌తో 100 హెర్ట్జ్‌కి దిగువన ఉన్నదంతా కోసేసింది. ఆ దిగువన గొంతు పెద్దగా ఉండదు, ఫ్యాను ఊపూ, రోడ్డు మీద లారీ వణుకూ ఉంటాయి. 300 హెర్ట్జ్ ప్రాంతంలో కొంచెం తగ్గించింది, అక్కడ మూసిన మూతలోంచి పాడినట్టుంది. 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక వీసం పెంచితే మాట ముందుకొచ్చింది. 6, 8 కిలోహెర్ట్జ్ మధ్య పెంచబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది, అక్కడ 'స', 'శ' అక్షరాలు ఈలేస్తున్నాయి. ఇదంతా ఆరేడు నిమిషాల పని. కంప్రెసర్‌తో మాత్రం ముప్పావుగంట కుస్తీ పట్టింది.

ఎందుకో చెప్పింది. ఆ మాట నన్ను పట్టుకుంది. కథలు రాసుకునేదాన్ని కదా!

ప్లగిన్‌లో సిద్ధంగా పెట్టి ఇచ్చే అమరికలుంటాయి. 'పాప్ గాయని' అని ఒకటి నొక్కితే నాబ్‌లన్నీ వాటంతటవే తిరిగి కూచుంటాయి. అవి ఇంగ్లీషు గొంతుల మీద కుదిర్చినవి. ఇంగ్లీషు మాటల్లో చాలా వాటికి చివర హల్లు ఉంటుంది, టక్కున తెగుతుంది, వాయిద్యాల్ని చీల్చుకుని వినబడుతుంది. పైగా ఎవరు చేశారన్నది వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. మన తెలుగు అలా కాదు. మాట చివర అచ్చు, అది సాగుతూ సన్నగిల్లుతూ పోతుంది. అర్థం చూస్తే ఆ చివర్నే ఉంటుంది! చూశాను, చూశావు, చూశాడు - ముందు భాగమంతా ఒకటే. ఎవరు చూశారో చెప్పేది ఆ ఆఖరి అక్షరమే. 'వస్తావు' అంటే నమ్మకం, 'వస్తావా' అంటే ప్రశ్న. రెంటికీ తేడా ఒక్క దీర్ఘం. అది డ్రమ్ము కింద పడిపోయిందా, పాటలో పిల్ల నమ్ముతోందో అడుగుతోందో వినేవాళ్లకి తెలీదు.

కంప్రెసర్ చేసేదేమిటంటే, ఒక గీత గీసుకుని, గొంతు ఆ గీత దాటితే అణుస్తుంది. 4కి 1 అని పెడితే, గీత మీద నాలుగు మెట్లు ఎక్కాల్సిన గొంతుని ఒక్క మెట్టే ఎక్కనిస్తుంది. ఎత్తులు తగ్గాక మొత్తం గొంతుని కాస్త పైకి లేపొచ్చు. అప్పుడు సన్నటి చివర్లు కూడా లేస్తాయి. కానీ అణిచిన చెయ్యి ఎప్పుడు వదలాలన్నదే కిటుకు. ఆలస్యంగా వదిలితే మాట చివర ఇంకా అణిగే ఉంటుంది. మరీ తొందరగా వదిలితే గాయని ఊపిరి తీసుకోవడం కూడా ఆయాసం రోగిలా వినిపిస్తుంది. మా పిల్ల ఆ ఒక్క నాబ్‌నే అటూ ఇటూ తిప్పి, తిప్పి, అప్పటికీ లొంగని నాలుగు మాటల చివర్లని ఫేడర్‌తో చేత్తో లేపింది. తరవాత స్పీకర్లు బాగా తగ్గించి, నన్ను వంటింట్లోకి వెళ్లి వినమంది. మిక్సీ తిరుగుతుంటే కూడా 'వస్తావా' అన్న దీర్ఘం వినబడింది. మా అత్తగారు అడిగేది అంతకన్నా ఏముంది?

ఇది ఏ అమెరికా పుస్తకమూ చెప్పదు. తెలుగు తెలిసిన చెవి చెప్పాలి. అందుకే ఈ పని మనవాళ్లు, మన ఊళ్లలో, మన భాష విని పెరిగిన పిల్లలు నేర్వాలంటాను.

ఇక్కడ ప్లగిన్ల వాళ్ల ప్రకటనల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 'ఇది కొంటే ఆ కన్సోల్ ధ్వని మీదే' అంటారు. పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. అసలు కన్సోల్లో విడిభాగాల తేడాల వల్ల ఏ రెండు పట్టీలూ అచ్చంగా ఒకేలా ఉండవట. ఆ తేడాల్ని కూడా లెక్కగట్టి 72 రకాల పట్టీలుగా ఇచ్చే ప్లగిన్లున్నాయి. కొన్నిటిలో పాత మిషన్ల బుసని కూడా కలిపే మీట ఉంది. ఆనాటి ఇంజనీర్లు పోగొట్టడానికి నానా తంటాలూ పడ్డ బుసని ఇవాళ డబ్బిచ్చి కొనుక్కోవడం! నలభై ముక్కలకీ ఆ మీట నొక్కితే నలభై బుసలూ కలిసి పాట వెనక వాన పడుతున్నట్టుంటుంది. మా పిల్ల మొట్టమొదట ఆపేసేది దాన్నే.

అసలు గొప్ప ధ్వనులు ప్రకటనల్లోంచి పుట్టలేదు. 1979లో లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో పీటర్ గాబ్రియెల్ ఆల్బం రికార్డవుతోంది. ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తున్నాడు. ఇంజనీరు హ్యూ పాడ్‌గమ్. కన్సోల్ ఈ కంపెనీదే, ముందరి మోడల్. వాయిద్యగాళ్లు లోపలినుంచి చెప్పే మాటలు ఇంజనీరుకి వినపడ్డానికి గది పైన ఒక మైకు ఉండేది. గదిలో ఎవరు ఏమూల నుంచి మాట్లాడినా వినిపించాలని దానికి గట్టి కంప్రెసర్ బిగించి ఉంది. డ్రమ్స్ మోగుతుండగా ఆ మైకు తెరుచుకునేసరికి, గది మొత్తం కూలిపడుతున్నంత శబ్దం! దానికి గేటు తగిలించి, మోత ఊగుతూ చచ్చేలోపే తటాలున తెగ్గొట్టారు. 1981లో ఫిల్ కాలిన్స్ సొంత పాట 'ఇన్ ది ఎయిర్ టునైట్' వచ్చాక ఆ డ్రమ్ము మోత ప్రపంచమంతా పాకింది. ఆ పదేళ్లూ పాప్ పాటల్లో అదే. కబుర్లకి పెట్టిన మైకు ఒక యుగం ధ్వనిని మార్చింది. విన్న చెవి గొప్పది, బల్ల కాదు.

చెవి మగవాళ్ల సొత్తా మరి?

సూసన్ రోజర్స్ అని ఒకావిడ ఉన్నారు. రికార్డింగ్ పరికరాలు బాగుచేసే పనితో మొదలుపెట్టారు. 1983లో ప్రిన్స్ అనే పేరుమోసిన గాయకుడి దగ్గర టెక్నీషియన్‌గా చేరి, కొద్దికాలానికే అతని ఇంజనీరయ్యారు. 'పర్పుల్ రెయిన్' ఆల్బం వెనక ఆవిడ చెయ్యి ఉంది. నలభై దాటాక ఆ రంగం వదిలి కాలేజీలో చేరి, డాక్టరేట్ చేసి, బర్క్‌లీ సంగీత కళాశాలలో ప్రొఫెసరయ్యారు. (నలభై దగ్గరపడుతున్న మనబోటివాళ్లం ఈ సంగతి ఫ్రిజ్ తలుపుకి అంటించుకోవాలి.) ట్రైనా షూమేకర్ 1999లో గ్రామీ అవార్డుల్లో ఇంజనీరింగ్ విభాగం బహుమతి గెలిచారు. శాస్త్రీయ సంగీతం కాని ఆల్బంలకిచ్చే ఆ బహుమతి అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. మొదటి స్త్రీకి 1999 దాకా పట్టిందంటే ఆ గదుల తలుపులు ఎంత బరువో తెలుస్తుంది. మన దగ్గర తెలుగు సినిమాలకి పనిచేసిన ఆడియో ఇంజనీరు సాజిదా ఖాన్‌ని 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం వేర్వేరు రంగాల్లో తొలి అడుగు వేసిన స్త్రీలతో కలిపి 'ఫస్ట్ లేడీస్' పేరున సత్కరించింది.

ఇక ఇంటి గది సంగతికొస్తే, ఏ.ఆర్. రెహమాన్ 1989లో మద్రాసులో స్టూడియో పెట్టుకున్నది తన ఇంటి పెరట్లోనే. అమెరికాలో బిల్లీ ఐలిష్ అనే అమ్మాయి 2019 నాటి మొదటి ఆల్బం లాస్ ఏంజెలస్‌లో తల్లిదండ్రుల ఇంట్లో, అన్నగారి పడగ్గదిలో రికార్డయింది. ఆమర్నాడు గ్రామీల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బం అదే. ఇంజనీరింగ్ బహుమతీ దానికే దక్కింది. అన్నాచెల్లెళ్లు ఇంట్లో కూచుని పాటలు చేస్తుంటే ఆ తల్లిదండ్రులు కాదనలేదు. మనం?

మా బావగారికి ఇది ఉద్యోగంలా కనపడదు. "చెవులకి అవి తగిలించుకుని రోజంతా పాటలు వింటానంటుంది. అదేం పనమ్మా, నువ్వైనా చెప్పు" అంటారు నాతో. సంబంధం తెచ్చిన మధ్యవర్తి అమ్మాయి ఏం చేస్తుందని అడిగి, విని, "అయితే డీజేనా?" అన్నాడట. అక్క ఆ రాత్రి ఫోను చేసి, బయోడేటాలో సాఫ్ట్‌వేర్ అని రాసేద్దామా అంది. అబ్బాయి ఇదే పని చేస్తుంటే 'సౌండ్ ఇంజనీరండీ' అని నలుగురికీ చెప్పుకునేవాళ్లం కదా అక్కా అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

అక్కని తప్పు పట్టను. ఆవిడ భయాలు ఆవిడవి. కానీ కొన్ని భయాలకి నిలువుగా సమాధానం ఉంది. రాత్రుళ్లు బయట తిరగాలా? అక్కర్లేదు. పాట ఫైళ్లు నెట్‌లో వస్తాయి, నెట్‌లో పోతాయి. ఆమె పని చేసిన కుర్రాళ్లలో సగంమందిని ఇంతవరకూ చూడను కూడా లేదు. చెవులు పోతాయా? ఇది మాత్రం సరైన భయమే. వారానికి 40 గంటలకి మించి 80 డెసిబెల్స్ శబ్దం వినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మంచి మిక్సింగ్ చేసేవాళ్లు అందుకే తక్కువ శబ్దంలో చేస్తారు, గంటకోసారి లేచి తిరుగుతారు. తక్కువలో బాగున్న పాట ఎక్కువలో ఎలాగూ బాగుంటుంది, ఎక్కువలో ఏదైనా బాగానే ఉన్నట్టు వినిపిస్తుంది మరి! ఖర్చంటారా, దొంగ కాపీలు దింపుకోనవసరం లేదు. వాటితోపాటు వైరస్‌లు కూడా ఇంట్లోకొస్తాయి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే ఉచితంగా వచ్చే ఈక్వలైజర్, కంప్రెసర్‌తో మొదలుపెట్టి, చేతికి పని వచ్చాక ఒక్క ఛానల్ స్ట్రిప్ కొనుక్కుంటే చాలు. నెలనెలా అద్దె కట్టే పద్ధతికి మాత్రం ఆలోచించి ఒప్పుకోవాలి. 2023 మార్చిలో వేవ్స్ సంస్థ ఇకమీదట అద్దెకే తప్ప అమ్మం అని ప్రకటిస్తే, వాడేవాళ్లంతా గొడవ చేసి కొద్ది రోజుల్లోనే ఆ మాట వెనక్కి తీయించారు. కొనుక్కున్న వస్తువు మనదై ఉండాలన్నది మధ్యతరగతి ఇల్లాలికి ఎవరూ నేర్పక్కర్లేదు.

నిజానికి మా పిల్లకి కరువైంది డబ్బు కాదు, నిశ్శబ్దం. మగపిల్లవాడు చదువుకుంటున్నాడంటే టీవీ తగ్గిస్తాం. ఆడపిల్ల తలుపు వేసుకుని పని చేసుకుంటుంటే "కాస్త ఈ కూర చూడవే", "గ్యాసువాడొచ్చాడు చూడవే", "అత్తయ్యావాళ్లొచ్చారు, ఓసారి కనపడి వెళ్లవే". మిక్సింగ్ చేసేటప్పుడు ఒక గొంతులో సన్నటి తేడా పట్టుకోవడానికి అరగంట పడుతుంది. మధ్యలో ఒక్క పిలుపు వస్తే మళ్లీ మొదటికి. ఇంట్లోనే ఉంటుంది కదా అన్న ఒక్క మాటతో దాని పగలంతా పోతుంది. చివరికి అందరూ పడుకున్నాక కూచుంటుంది. స్టూడియోలో రాత్రుళ్లు వద్దన్నాం, ఇంట్లో రాత్రుళ్లు మిగిల్చాం. ఇప్పుడు అక్క ఒక ఏర్పాటు చేసింది. ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా మేడ మెట్లెక్కడానికి ఎవరికీ వీల్లేదు, గ్యాసువాడొచ్చినా సరే. బావగారు గొణిగారు గాని, ఆ మూడు గంటలూ ఫోన్లు ఆయనే ఎత్తుతున్నారు.

ఇంకొకటి, చుట్టాలందరూ గమనించాలి. 'మా బాబు పాట పాడాడు, కాస్త సరిచేసి పెట్టమ్మా' అని పంపేవాళ్లు పని చేయించుకుని "థాంక్యూ తల్లీ" అంటారు. బ్లవుజు కుట్టించుకుంటే డబ్బివ్వమూ? ముప్ఫై ఎనిమిది ముక్కల్ని కలిపిన చేతికి మాత్రం థాంక్యూ చాలా?

ఆ పెళ్లిపాట కుర్రాళ్లు డబ్బయితే ఇచ్చారు. అడిగినంత, అడిగిన రోజే. పాట యూట్యూబ్‌లో పెట్టారు. కింద పేర్ల పట్టికలో రాసిన వాడు, పాడిన అమ్మాయి, కెమెరా పట్టినవాడు, ఆఖరికి షూటింగ్‌కి కారిచ్చిన స్నేహితుడు కూడా ఉన్నారు. మా పిల్ల పేరు లేదు. అడిగితే, మర్చిపోయాం సారీ అని, 'మిక్సింగ్ సహాయం' అని చేర్చారు. "ఎవరికి సహాయం చేశాను? ఇంకెవరైనా చేశారా మిక్సింగ్?" అని మళ్లీ రాసింది. రెండు రోజులు జవాబు లేదు. మూడోరోజు చూస్తే 'సహాయం' తీసేసి ఉంది. 'మిక్సింగ్' అని, పక్కన దాని పేరు, ఇంటిపేరుతో సహా.